ఏడవలేదట!

"ఎంత రాతిగుండె అండీ ఆవిడది! మొగుడు పోతే కంట తడైనా పెట్టలేదట!"

ఈ మాట మీరూ వినే ఉంటారు. ఏ పదోరోజు భోజనాల దగ్గరో, ఏ పెళ్ళిపందిట్లో వెనకవరస కుర్చీల్లోనో, ఎవరో ఒకరు గొంతు తగ్గించి అనే ఉంటారు. వినగానే మనం చెయ్యి బుగ్గకు ఆనించుకుని "అయ్యో, అదేం మనిషమ్మా!" అనే ఉంటాం. నేనూ అన్నాను. అందుకని ఈ వ్యాసంలో నేను దుమ్మెత్తి పోయదలుచుకున్నవాళ్ళ జాబితాలో మొట్టమొదటి పేరు నాదే రాసేసుకుంటున్నాను. ఇక మిగతా వాళ్ళ సంగతి చూద్దాం.

మా ఇంట్లో రాత్రి ఏడు నుంచి పది దాకా టీవీ మా అత్తయ్యగారిది. అందులో నాకు ఆక్షేపణ సుతరామూ లేదు. యాభై ఏళ్ళు వంటింటికి అంకితమైపోయిన మనిషి. ఆ మూడు గంటల కాలక్షేపం ఆవిడ హక్కు. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూనో, ఉతికిన బట్టలు మడతలు పెట్టుకుంటూనో నేనూ ఆ పక్కనే కూచుంటాను. ఆ మధ్య ఒకరోజు ఏదో సీరియల్లో పెద్దకోడలు గుమ్మంలో నిలబడి "నాకు నిజం తెలిసిపోయింది" అంది. అంతే! ఉరుము ఉరిమింది. హాల్లో ఉన్న పదకొండుమందినీ ఒక్కొక్కరినీ మూడేసి సార్లు చూపించారు. అత్త ముఖం, ఉరుము. మామ ముఖం, ఉరుము. ఆడపడుచు ముఖం, పెద్ద ఉరుము. చివరికి కాఫీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పనిమనిషి ముఖానికి కూడా ఉరుమే! లెక్కపెట్టాను కాబట్టి చెబుతున్నాను, 33 ముఖాలు. ఈలోపల నా పావుకిలో చిక్కుడుకాయలూ అయిపోయాయి.

అప్పుడు నాకొక సంగతి తట్టింది. ఆ 33 ముఖాల్లో ఒక్కదానికీ మెడ కింద మనిషి లేడు! నిజం బయటపడిందని తెలిస్తే మామూలు మనిషి ఏం చేస్తాడండీ? ఒక అడుగు వెనక్కి వేస్తాడు. పక్కనున్న కుర్చీ వీపు పట్టుకుంటాడు. ఆడదైతే జారని పైట కూడా సర్దుకుంటుంది. తలుపు ఎటువైపుందో ఒకసారి చూసుకుంటుంది. ఇవేవీ లేవు. అర్ధరాత్రి వేళ పట్టుచీరలూ కాసులపేర్లూ దిగేసుకుని, గ్రూప్ ఫోటోకి నిలబడ్డట్టు వరసగా నిలబడి, అందరూ కళ్ళు పెద్దవి చేశారు. అదీ నటన!

"వీళ్ళలో కుట్ర చేసిందెవరో మీకెలా తెలుస్తుందండీ అత్తయ్యగారూ? నిన్నటిదీ మొన్నటిదీ మీరు చూడలేదు కదా!" అని అడిగాను.

"కథ తెలియడం ఎందుకే? ఆ కనుబొమ చూడు, తెలియడంలా!" అన్నారావిడ తాపీగా.

అప్పటికి నవ్వుకున్నాను గానీ, రాత్రి పక్క మీద వాలాక ఆ మాటే చెవిలో మోగింది. మనుషుల్ని చదవడం ఇంత సులువని మనకు రోజూ మూడు గంటల చొప్పున పాఠం చెబుతున్నారన్నమాట. కనుబొమ లేస్తే దుర్మార్గురాలు. కన్నీళ్ళు కారితే సాధ్వి. రెండూ లేకపోతే... రాతిగుండె.

ఆ సీరియళ్ళలో చేసే అమ్మాయిల మీద నాకు కోపం లేదని ముందే చెబుతున్నాను. వారానికి ఆరు రోజులు కథ నడవాలి. పొద్దున్నే ముఖానికి రంగు వేసుకుంటే ఎప్పటికి కడుక్కుంటారో వాళ్ళకే తెలీదు. చాలామందికి గొంతు కూడా సొంతం కాదు. ఏ కన్నడదేశం నుంచో వచ్చిన పిల్ల పెదవులు కదిపితే, హైదరాబాదులో ఇంకో పిల్ల మాట చెబుతుంది. గొంతు తీసేసుకుని, ఒళ్ళు తీసేసుకుని, ముఖం ఒక్కటీ మిగిల్చి "నటించమ్మా" అంటే పాపం ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? కళ్ళు పెద్దవి చేస్తుంది! నా తగాదా అలా చేయించేవాళ్ళతోనూ, అదే చాలనుకుంటున్న మనతోనూ.

నేను బి.ఏ. చదివే రోజుల్లో నాట్యశాస్త్రం మీద ఒక పాఠం ఉండేది. అభినయం నాలుగు రకాలు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఒళ్ళూ, మాటా, వేషమూ, మనసూ అనుకోండి. చూపులే 36 రకాలు చెప్పారు. కనుబొమల కదలికలే 7 రకాలు. అందులో మన సీరియల్ విలనమ్మల వాటాకి ఒక్కటే వచ్చింది, పైకెత్తడం! తక్కిన ఆరూ ఏ అటకెక్కాయో ఏమో.

పరీక్ష కోసం బట్టీ పట్టిన జాబితా ఇంకొకటి ఉంది. సాత్త్విక భావాలు ఎనిమిది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. మన ఇళ్ళలో మాటల్లో చెప్పుకుంటే కొయ్యబారిపోవడం, చెమట పట్టడం, ఒళ్ళు గగుర్పొడవడం, గొంతు మారిపోవడం, వణికిపోవడం, రంగు పాలిపోవడం, కన్నీళ్ళు రావడం, స్పృహ తప్పడం. మనసు నిండిపోయినప్పుడు ఒంటి మీద కనబడేవి ఇవీ అన్నారు పెద్దలు. చూశారా, ఎనిమిదింట్లో కన్నీళ్ళు ఒక్కటి! అదీ ఏడో స్థానంలో. మొట్టమొదట చెప్పిందేమిటి? కొయ్యబారిపోవడం. ఆ రోజుల్లో పది మార్కుల కోసం బట్టీ పట్టాను గానీ, అది మనుషుల గురించి రాసిందని నాకు తోచలేదు. ఈ జాబితాను కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

మహానటి అనగానే మనకు గుర్తొచ్చేది సావిత్రి. సావిత్రి గొప్పతనం చెప్పమంటే నూటికి తొంభైమంది ఒక్క కథే చెబుతారు. దర్శకుడు ఒక కంటి నుంచి మాత్రం ఇన్ని చుక్కలే రాలాలంటే, లెక్కగా అన్నే రాల్చిందట! 2018లో వచ్చిన 'మహానటి' సినిమాలోనూ ఆ ఘట్టం పెట్టారు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. కానీ ఇంటికొచ్చాక ఆలోచిస్తే కష్టమనిపించింది. చుక్కలు లెక్కగా రాల్చడమే గొప్పతనమైతే మా పెరట్లో కుళాయి కూడా మహానటే కదండీ!

ఆవిడ అసలు గొప్పతనం చూడాలంటే 1957 నాటి 'మాయాబజార్' చూడండి. మొదట పుట్టిన నలుపూ తెలుపులో చిన్నప్పుడు టీవీలో చూశాను. 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేసినప్పుడు పెద్ద తెర మీద చూశాను. అందులో సావిత్రి శశిరేఖ. తరువాత శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు కూడా సావిత్రే. ముఖం అదే, చీర అదే, నగలు అవే. మరి లోపలున్నది ఎస్.వి. రంగారావు గారని మనకెలా తెలుస్తోంది? కనుబొమ వల్ల కాదు. నడక మారిపోయింది. భుజాలు వెడల్పయ్యాయి. చేతులు ఒంటికి ఆనుకుని ఉండడం మానేసి గాలిలో చోటు ఆక్రమించుకున్నాయి. పెళ్ళి పాటలో ఆడపిల్ల వయ్యారం నడుస్తూ నడుస్తూ ఉండగా మగరాక్షసుడి బడాయి లోపల్నుంచి తన్నుకొస్తుంది, సుశీల గొంతు కాస్తా ఘంటసాల గొంతైపోతుంది. అంతలోనే గుర్తుకొచ్చి సిగ్గు తెచ్చిపెట్టుకుంటుంది. ఆ సిగ్గు శశిరేఖ సిగ్గు కాదు. ఆడదాని సిగ్గు ఎలా ఉంటుందో దూరం నుంచి చూసి నేర్చుకున్న రాక్షసుడి సిగ్గు! ఒక ఆడది, ఆడదానిలా నటిస్తున్న మగవాణ్ణి నటించింది. ఆ పనికి ఒక్క కన్నీటి చుక్క ఖర్చు కాలేదు. అందుకే కాబోలు దాన్ని గురించి ఎవరూ చప్పట్లు కొట్టే కథ అల్లలేదు.

ఇక్కడ మా ఆయన అడ్డు తగిలారు. (నా వ్యాసాలకు మొదటి శ్రోత ఆయనే, మొదటి ప్రతిపక్షమూ ఆయనే.) "మన సంప్రదాయమే కాస్త ఎక్కువ చేసి చూపించే సంప్రదాయం. పద్యనాటకం చూడు, కూచిపూడి చూడు, రంగారావు గారి నవ్వు విను. వాళ్ళని మెచ్చుకుని సీరియళ్ళని తిట్టడం ఏం న్యాయం?" అన్నారు.

న్యాయమైన ప్రశ్నే. జవాబు చెబుతాను. ఎక్కువ చెయ్యడం తప్పని నేననలేదు. ఆ ఎక్కువ ఎవరిదీ అన్నదే నా ప్రశ్న. ఘటోత్కచుడి నడక ఘటోత్కచుడిదే, ఇంకొకరికి అతకదు. సీరియల్లో లేచిన కనుబొమ మాత్రం అత్తకూ అతుకుతుంది, ఆడపడుచుకూ అతుకుతుంది, సవతికీ అతుకుతుంది. ఈ చానల్ నుంచి ఆ చానల్‌కి అద్దెకిచ్చినా అతుకుతుంది. అది మనిషి కదలిక కాదు, 'చెడ్డది' అని రాసి నుదుట అంటించిన చీటీ.

సూర్యకాంతం గారిని తీసుకోండి. ఆవిడ కంటే గట్టిగా ఎవరు చేశారు? ఎడమచెయ్యి అలా తిప్పి ఒక మాట విసిరితే వీధి చివర దాకా వినబడేది. కానీ 1962 నాటి 'గుండమ్మ కథ' నిదానంగా చూడండి. ఆ చేతిలో దౌష్ట్యం ఎంతుందో, ఇల్లు తన చేతి కిందే నడవాలన్న ఆరాటమూ అంతే ఉంది. అదే గుండమ్మ, చివర్లో ఛాయాదేవి వేసిన దుర్గమ్మ ఇంట్లో చేరి పెత్తనం లాక్కున్నాక ఎలా అయిపోతుందో చూడండి. ఆ మనిషే, ఆ కట్టూబొట్టే, కానీ ఒళ్ళు సగానికి సగం కుంచించుకుపోతుంది. మన ఊళ్ళో, మన ఇంట్లో ఒకప్పుడు పెత్తనం చేసి ఇప్పుడు మూల గదిలో చేరిన పెద్దావిడ ఎవరో గుర్తుకొస్తుంది. అందుకే గుండమ్మ మీద చివరికి మనకు కోపం ఉండదు, జాలి ఉంటుంది. చీటీ మీద జాలి పుట్టదు, మనిషి మీదే పుడుతుంది.

సరే, అంతటి నటికి మనం చేసిన సత్కారం ఏమిటి? ఆడపిల్లకు సూర్యకాంతం అని పేరు పెట్టుకోవడం మానేశాం! నిజజీవితంలో ఆవిడ ఇంటి నుంచి వండి తెచ్చి తోటి నటులకు కొసరి కొసరి పెట్టేదని ఆవిడతో పనిచేసిన వాళ్ళు ఎందరో చెప్పారు. మనం వినిపించుకోలేదు. తెర మీద చూసిన చెయ్యి ఆవిడ సొంత చెయ్యే అనుకున్నాం. కాబట్టి ఈ జబ్బు సీరియళ్ళతో పుట్టిందని నేననను. పాత జబ్బే. సీరియళ్ళు దానికి రోజూ మూడు పూటలా పథ్యం లేకుండా తిండి పెడుతున్నాయంతే.

ముఖం లేకుండా మనిషిని చూపించడం మనవాళ్ళకు తెలియని విద్య కాదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ఎలా వస్తుంది? ముందు అడ్డుతెర. ఆ తెర మీదుగా ఇవతలికి వచ్చి పడేది ఆవిడ జడ! ముఖం ఇంకా తెర వెనకే ఉంది, అభిజాత్యం మాత్రం వచ్చేసింది. ఆ సత్యభామను తరతరాలుగా వేసినవాళ్ళు మగవాళ్ళు. నాటకరంగంలో 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా ఆంధ్రదేశాన్ని ఊపేశారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారాయనకు. ఆలోచించండి, ఆనాటి నాటకశాలలో ఆఖరి బెంచీ మీద కూచున్నవాడికి ఆయన కనుబొమ ఏం కనబడుతుంది? కనబడింది నడక, మెడ తిప్పడం, పైట పట్టుకున్న తీరు. సత్యభామా మధురవాణీ ఇద్దరూ సొగసుకత్తెలే అయినా ఇద్దరూ ఒకేలా నిలబడరు. ఒకావిడ కృష్ణుడంతటివాణ్ణి గుప్పిట్లో పెట్టుకున్నాననుకునే మహారాణి. రెండో ఆవిడ రోజూ పదిమంది మగవాళ్ళను కనిపెట్టి బతకాల్సిన వేశ్య. ఆడదాని ఒంటిలో ఆవిడ బతుకంతా రాసి ఉంటుందని ఒక మగాయన కనిపెట్టి చూసి నేర్చుకున్నాడు. ఆడవాళ్ళమై ఉండి మనం ఒకరినొకరం అంత శ్రద్ధగా చూస్తున్నామా?

చూడటం లేదు. పెళ్ళిచూపుల్లో పిల్ల నవ్విందనుకోండి, "గడుసుది" అంటాం. నవ్వకపోతే "పొగరు". కోడలు అలిసిపోయి మాట్లాడకుండా అన్నం పెడితే "ముఖం ముడుచుకుంది" అంటాం. ఆ వడ్డిస్తున్న చెయ్యి ఎవరికి ఏ కూర ఇష్టమో గుర్తుపెట్టుకుని వడ్డిస్తోందని చూడం. కాలేజీకి వెళ్ళే పిల్ల "నేను బాగానే ఉన్నానమ్మా" అని నవ్వితే చాలు, నిశ్చింత. ఆ నవ్వుతున్న పిల్ల పుస్తకాల సంచీని రొమ్ముకి ఎలా అదుముకుని నిలబడిందో చూడం. మనకు ముఖం ఇస్తే చాలు, తీర్పు రాసేస్తాం.

ఇప్పుడు నా నేరం చెప్పుకోవాలి.

మా దొడ్డమ్మది అమలాపురం దగ్గర ఒక పల్లె. పెదనాన్నగారు పోయారని కబురొస్తే అమ్మా నేనూ రాత్రికి రాత్రి బయల్దేరి వెళ్ళాం. ముందు వసారాలో పడుకోబెట్టారు. ఊరంతా ఏడుస్తోంది. దొడ్డమ్మ తలదగ్గర కూచుని ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఆయన కళ్ళజోడు చేతిలో పెట్టుకుని పైటచెంగుతో తుడుస్తోంది. తుడిచిన అద్దాలనే మళ్ళీ తుడుస్తోంది. ఆవిడ ఆడపడుచు భుజాలు పట్టుకుని "ఏడువు వదినా, ఏడువు" అని ఊపేస్తే, దొడ్డమ్మ ఆవిడ ముఖంలోకి చూసి మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుంది. సాయంత్రానికి మాట ఊళ్ళోకి పాకిపోయింది. "కళ్ళు తుడుచుకోవాల్సిన వేళ అద్దాలు తుడుచుకుంటోందమ్మా!" పదోరోజుకి దానికి కారణాలు కూడా పుట్టాయి. ఇల్లు ఎవరి పేరున ఉంది, బ్యాంకులో ఎంత ఉంది అని. "అదేం మనిషో!" అని నేను అన్నది కూడా అప్పుడే. మా అమ్మ వినేట్టుగానే అన్నాను.

అంతటితో ఊరుకున్నానా? నేను రచయిత్రిని కదా! మరుసటేడు రాసిన నవలలో భర్త శవం దగ్గర పొడికళ్ళతో కూచున్న ఒక ఆవిణ్ణి పెట్టాను. ఆవిడ డబ్బు మనిషని పాఠకులకు ఒక్క వాక్యంలో తెలిసిపోవాలి మరి! ఎంత సులువు! సీరియల్ వాళ్ళ కనుబొమకూ నా పొడికళ్ళకూ ఏమిటండీ తేడా?

రెండేళ్ళ తరువాత దొడ్డమ్మ మా ఇంటికొచ్చి నాలుగు రోజులుంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం పెరటి గుమ్మంలో కూచుని ఉసిరికాయలు తుడుస్తున్నాం. ఉన్నట్టుండి అడిగింది.

"నీ నవల చదివానే. అందులో ఆ పొడికళ్ళావిడ నేనేనా?"

నా నోట మాట రాలేదు. స్తంభం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఆవిడ కోపంగా అడగలేదు. కాయ తుడుస్తూనే చెప్పింది. "ఏడుద్దామనే చూశానే. అందరూ నా మొహంలోకే చూస్తున్నారాయె. రాలేదు. ఏం చెయ్యను? ఒళ్ళంతా చల్లబడిపోయింది. మీ పెదనాన్న పొద్దున్న లేవగానే చెయ్యి చాపేవారు. కళ్ళజోడు తుడిచి చేతిలో పెట్టేదాన్ని. నలభై రెండేళ్ళు. ఆ రోజూ తుడిచాను. ఎవరికివ్వాలో తెలియలేదు. అందుకని మళ్ళీ తుడిచాను."

మళ్ళీ కాసేపాగి, "మా ఆడపడుచు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు" అంది.

ఇదండీ సంగతి. నలభై రెండేళ్ళ కాపురం ఆ రెండు చేతుల్లో ఉంటే, వసారా నిండా కూచున్న జనంలో ఒక్కరం చూడలేదు. అందరం ముఖం చూశాం, చుక్కల కోసం చూశాం. ఆవిడ ఏడవనందుకు కాదు మనం శిక్ష వేసింది. మన ముందు ఏడ్చి చూపించనందుకు. మొగుడు పోయిన మనిషిని కూడా నటించమని అడిగాం! ఆవిడకు నటన రాలేదు, అదీ ఆవిడ చేసిన నేరం.

మా అమ్మాయి సైకాలజీ చదువుతోంది. ఈ కథ చెబితే తన పాఠాల్లోంచి ఒక పరిశోధన చూపించింది. 2012లో 'సైన్స్' అనే పత్రికలో అవీజర్ అనే ఆయనా మరో ఇద్దరూ కలిసి ప్రచురించారు. పెద్ద పోటీల్లో టెన్నిస్ ఆడేవాళ్ళు పాయింటు గెలిచిన క్షణంలోనూ, ఓడిన క్షణంలోనూ తీసిన ఫోటోలు తీసుకున్నారు. ముఖం మాత్రం కత్తిరించి చూపించి, "ఇది గెలుపా, ఓటమా?" అని అడిగితే జనం చెప్పలేకపోయారు. ముఖం తీసేసి ఒళ్ళు మాత్రం చూపిస్తే చెప్పగలిగారు. రెండూ కలిపి చూపించినా చెప్పగలిగారు. కానీ తమాషా ఏమిటంటే, రెండూ చూసినవాళ్ళు తాము ముఖం చూసే తెలుసుకున్నామనుకున్నారట! మనసు పొంగిపొర్లే క్షణంలో నిజం చెప్పేది ఒళ్ళు, ఆ పేరు కొట్టేసేది ముఖం. మన నాటకాలవాళ్ళు శాస్త్రం అక్కర్లేకుండానే ఎప్పుడో తెలుసుకున్న సంగతే ఇది.

తెలుసుకున్నవాళ్ళు సినిమాల్లోనూ ఉన్నారు. 1983లో వచ్చిన 'సాగర సంగమం' మీరు చూసే ఉంటారు. తాగిన మైకంలో నూతి గట్టు మీద నాట్యం చేస్తున్న బాలు, వర్షంలో తడుస్తున్న మాధవి. ఆమె భర్త పోయాడని అతనికి తెలియదు. తెలియకూడదనే ఆమె బొట్టు పెట్టుకొచ్చింది. వాన ఆ బొట్టును కరిగించబోతుంటే కమల్ హాసన్ ఆమె నుదుటికి చెయ్యి అడ్డం పెడతాడు. అంతే. ఆ ఒక్క చేతిలో అతని ప్రేమ ఉంది, ఆమె మాంగల్యం చల్లగా ఉండాలన్న కోరిక ఉంది, అతను మోసపోతున్నాడన్న మన బాధ కూడా ఉంది. అక్కడ ఉరుము అక్కర్లేదు. ముప్ఫై మూడు ముఖాలూ అక్కర్లేదు. ఒక చెయ్యి చాలింది. మన ఆడవాళ్ళం ఆ చేతిని చూసి ఏడ్చాం కూడా. అంటే మనకు చూడటం రాదని కాదు. చూపించే దిక్కు లేక మరిచిపోతున్నాం.

అందుకే సీరియళ్ళు తీసే మహాశయులకు నా మనవి. ఆ పదకొండు ముఖాలకు వెచ్చించే రెండు నిమిషాల్లో ఒక్క మనిషిని తల నుంచి పాదం దాకా చూపించండి. అబద్ధం చెబుతున్న కోడలు చేతులు ఏం చేస్తున్నాయో చూపించండి. కుట్ర చేసే అత్త మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కడం చూపించండి. దుర్మార్గురాలికి కూడా మోకాళ్ళ నొప్పులుంటాయి! ఆడవాళ్ళకు ఇవి అర్థం కావనీ, గరిటెడు కన్నీళ్ళు పోస్తేనే రుచి తెలుస్తుందనీ మీరనుకుంటున్నారు. పొద్దున్న లేచి పక్క మీద నుంచి దిగిన తీరు చూసి పిల్లాడికి జ్వరమని చెప్పేవాళ్ళం మేము. గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు విని మొగుడికి ఆఫీసులో ఏమైందో చెప్పేవాళ్ళం. మాకా మీరు కనుబొమలు చూపించేది!

నావంటి రచయిత్రులకు ఇంకో మనవి. పొడికళ్ళు, వంకర నవ్వు, ఎగరేసిన కనుబొమ — వీటితో పాత్రలకు చీటీలు అంటించడం మానేద్దాం. నేను మానేశాను. ఆ నవల మళ్ళీ అచ్చు వేస్తామని ప్రచురణకర్త అడిగితే, ఆ వాక్యం కొట్టేసి గానీ ఇవ్వనన్నాను. కొట్టేశాను. దానితో దొడ్డమ్మకు నేను చేసిన అన్యాయం తీరిపోయిందని మాత్రం అనుకోవడం లేదు.

ఇక మీతో. మళ్ళీ ఎప్పుడైనా ఎవరైనా మీ పక్కన చేరి గొంతు తగ్గించి "ఏడవలేదట!" అన్నారనుకోండి. అయ్యో అనకండి, బుగ్గ మీద చెయ్యి పెట్టుకోకండి. ఒక్క మాట అడగండి.

"అప్పుడావిడ చేతులు ఏం చేస్తున్నాయి? చూశారా?"